ధోలావీరాకు నలభై నిమిషాలు చాలవు

గుజరాత్‌లోని కచ్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు భుజ్‌లో దిగగానే ఎదురయ్యే మొదటి బేరం ఇదే: "ధోలావీరా, వైట్ రణ్, రోడ్ టు హెవెన్, మూడూ ఒక్క రోజులో." దయచేసి ఒప్పుకోకండి. కారు తిరుగుతుంది, గైడ్ వెంట ఉంటాడు, మూడు చోట్లా కాలు పెడతారు, అందులో అబద్ధం లేదు. కానీ హరప్పా కాలం నాటి పాత నగరం ధోలావీరాను మాత్రం చేతికిచ్చినట్టే ఇచ్చి లాక్కుంటారు. నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు. అయితే ఆ కోపం కన్నా ఆ చోటు నచ్చడం ఎక్కువ, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది అనంతపురం. నేను, మా ఆవిడ, ఇంటర్ చదివే మా అమ్మాయి, మా అక్క, బావ కలిసి వెళ్ళాం. బావ చిన్ననీటి పారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. శింగనమల, బుక్కపట్నం, ధర్మవరం అంటూ సర్వీసంతా చెరువు కట్టల మీదే గడిచింది. ఏ ఊరికి తీసుకెళ్ళినా "ఇక్కడికి నీళ్ళెక్కడి నుంచి వస్తాయి?" అని అడిగే మనిషి. ధోలావీరా చూడాలన్న పట్టుదల ఆయనదే. మా ఆవిడకు, అమ్మాయికి మాత్రం తెల్లటి ఉప్పు మైదానంలో ఫొటోలు కావాలి. ఇద్దరి మాటా నెగ్గుతుందనే ఆ ఒకరోజు ప్యాకేజీ తీసుకున్నాం.

బెంగళూరు నుంచి అహ్మదాబాద్ విమానం, అక్కడి నుంచి భుజ్‌కు రాత్రి రైలు. ఇబ్బందేమీ లేదు. హోటల్ గది రోజుకు 1,900, శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్ళు వచ్చాయి.

ప్యాకేజీ 12,500. ఇన్నోవా, డ్రైవరు, హిందీ గైడు, డీజిలు, టోలు "అన్నీ కలిపి" అన్నారు. ముందు రోజు రాత్రి 5,000 అడ్వాన్స్ ఇచ్చాం. ఉదయం ఆరింటికి బయల్దేరాలని గట్టిగా చెప్పి, గైడ్ వచ్చేసరికి ఏడున్నర దాటింది. రాగానే వైట్ రణ్ పర్మిట్లకు మనిషికి 250 చొప్పున 1,250 ఇవ్వమన్నాడు. అన్నీ కలిపి అన్నారు కదా అంటే, పర్మిట్ గవర్నమెంటుది, అది లెక్కలోకి రాదన్నాడు. తర్వాత మా అమ్మాయి ఆ పర్మిట్ కాగితం చూసింది. దాని మీద మనిషికి 100, బండికి 50 ఉంది. మొత్తం 550. మిగిలిన 700 సంగతి అడిగితే "సర్వీస్ ఛార్జ్" అన్నాడు. పొద్దున్నే గొడవెందుకని అక్క నా చెయ్యి నొక్కితే ఊరుకున్నాను.

దార్లో భిరండియారా అనే ఊళ్ళో టీ, పాలకోవా. కోవా నిజంగా బాగుంది. మా వైపు కోవాల కన్నా నెయ్యి వాసన ఎక్కువ, చక్కెర తక్కువ. దాని తర్వాత బన్నీ పచ్చికబయళ్ళలోంచి తిన్నగా పోవాల్సిన కారు పక్కకు తిరిగి ఒక చేతిపనుల దుకాణం ముందు ఆగింది. పది నిమిషాలన్న మాట యాభై నిమిషాలైంది. అద్దాల పని మీద అద్దాల పని, శాలువా మీద శాలువా పరిచారు. ఏదీ కొనకుండా లేస్తే బాగుండదని మా ఆవిడ 2,800 పెట్టి ఒక శాలువా తీసుకుంది. అలాంటిదే మర్నాడు భుజ్ బజారులో 1,700కు దొరికింది. ఆమెకు ఆ కోపం శాలువా మీదకు పోయింది, ఇంటికొచ్చాక కూడా బీరువాలోంచి తియ్యలేదు. కచ్ నేతగాళ్ళను తప్పుపట్టడం లేదు. పని అద్భుతంగా ఉంటుంది, ఊళ్ళలోకి వెళ్ళి నేసినవాళ్ళ దగ్గరే కొనుక్కోండి. గైడ్ తీసుకెళ్ళిన దుకాణంలో మాత్రం కొనకండి.

ఖావ్డా దాటాక రోడ్ టు హెవెన్. రణ్ మధ్యలోంచి దాదాపు 30 కిలోమీటర్లు తిన్నగా పోయే రోడ్డు. ఇది పడకముందు భుజ్ నుంచి ధోలావీరాకు రాపర్ వైపు చుట్టి రెండు వందల కిలోమీటర్ల పైన తిరగాల్సి వచ్చేది, ఇప్పుడు 130, 140తో పోతుంది. రెండు పక్కలా తెలుపు తప్ప ఏమీ లేదు. వానాకాలంలో ఇక్కడంతా నీళ్ళు నిలుస్తాయి. సముద్రపు పోటు నీళ్ళు ఒక పక్క నుంచి, వాగుల నీళ్ళు ఇంకో పక్క నుంచి వచ్చి చేరతాయి. బయటికి పోయే దారి లేక ఎండకు ఆవిరై నవంబరు, డిసెంబరు నాటికి ఉప్పు మిగులుతుంది. ఒకప్పుడు ఇదంతా సముద్రపు పాయే. 1819 జూన్‌లో వచ్చిన భూకంపానికి ఉత్తరాన నేల కట్టలా పైకి లేచింది. దాన్నే అల్లా బంద్ అంటారు. ఇదంతా మా అమ్మాయి ఫోన్లో చదివి చెప్పింది. గైడ్ చెప్పిందల్లా "ఇక్కడ ఫొటో బాగా వస్తుంది, దిగండి" అన్న ఒక్క మాటే.

ధోలావీరా చేరేసరికి పన్నెండుంబావు. ఉప్పు మధ్యలో ఖదీర్ అనే దీవి, దాని అంచున ఈ ఊరు, ఊరి పక్కనే ఆ పాత నగరం. మ్యూజియం దాటి లోపలికి నడవగానే గైడ్ మమ్మల్ని నేరుగా ఎత్తైన కోట మీదికి ఎక్కించాడు. "ఇది రాజుగారి ఇల్లు. అది రాణిగారి స్నానాల చెరువు. ఒంటిగంటకు కారు దగ్గరుండండి" అన్నాడు. హరప్పా నగరాల్లో రాజు ఉన్నాడనడానికే గట్టి ఆధారం దొరకలేదు, రాణి స్నానాల చెరువు ఎక్కడి నుంచి వచ్చింది? బావ ఆ చెరువులోకి నీళ్ళెలా వచ్చేవని అడిగితే "వాన సార్" అన్నాడు. నిండాక ఎక్కువైన నీళ్ళు ఎటు పోయేవని అడిగితే వాచీ చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆ ఊరి అబ్బాయి ఒకడు మా పక్కకు వచ్చాడు. మెడలో కార్డు, తలకు తువ్వాలు, పాతికేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న 1990 నుంచి జరిగిన తవ్వకాల్లో కూలికి మట్టి మోశాడట, తను ఆ మట్టి కుప్పల మీద ఆడుకుంటూ పెరిగానన్నాడు. 500 ఇస్తే మొత్తం చూపిస్తానన్నాడు. మా గైడ్‌కు నచ్చలేదు, టైము లేదన్నాడు. బావ గుత్తిలో పెరిగిన మనిషి, ఉర్దూ బాగానే వచ్చు. జేబులోంచి 500 తీసి అబ్బాయి చేతిలో పెట్టి "పద నాయనా" అన్నాడు.

అతను మమ్మల్ని కోటలోకి తీసుకెళ్ళలేదు. కిందికి, ఎండిపోయిన వాగులోకి దించాడు. ఉత్తరాన మన్సర్, దక్షిణాన మన్హర్, రెండూ వానొస్తేనే పారే వాగులు. ఆ రెండింటి మధ్యలో నగరం. వాగులకు అడ్డంగా రాళ్ళతో కట్టలు వేసి నీళ్ళను పక్కకు మళ్ళించి, గోడల లోపలి చెరువుల్లోకి పట్టారు. నేల వాలు సుమారు 13 మీటర్లు. ఆ వాలునే నమ్ముకుని ఒక చెరువు నిండితే ఇంకోదానికి నీళ్ళు పోయేలా వరసగా కట్టారు. బావ మొహం అప్పుడు చూడాలి! మోకాళ్ళ మీద కూచుని కట్ట రాళ్ళు తడిమి చూస్తూ, "ఇది మరవ రా, ఇక్కడ అలుగు పారేది. మన చెరువుల వరస ఎట్లుంటుందో ఇదీ అట్లే" అన్నాడు నాతో. అబ్బాయికి తెలుగు రాకపోయినా బావ వేలు ఎటు చూపిస్తే అటు చూసి తల ఊపుతున్నాడు.

మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే మేం కరువు కరువని ఏడుస్తాం. ధోలావీరాలో 300 కూడా దాటదు. చుట్టూ ఉప్పు, కింద తవ్వితే ఉప్పునీళ్ళు. అలాంటి చోట మనుషులు వెయ్యేళ్ళకు పైగా ఒక నగరాన్ని నిలబెట్టుకున్నారంటే పడిన ప్రతి చినుకునూ పట్టుకున్నారు కాబట్టే. తూర్పు పక్క చెరువు 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు, పది మీటర్ల లోతు. మొహెంజొదారో స్నానఘట్టం దీని ముందు చిన్నది. మెట్లు ఇప్పటికీ దిగి వెళ్ళేలా ఉన్నాయి. అక్కడ ఇటుకతో కడితే ఇక్కడ రాయితో కట్టారు, అందుకే మాకు గుత్తి, పెనుకొండ కోట గోడల దగ్గర నిలబడ్డట్టే అనిపించింది. దక్షిణం వైపు చెరువునైతే ఏకంగా బండను తొలిచే చేశారు.

కోట మీద ఒక బావి ఉంది. బావి అంచున ఒక రాతి పలక, దాని మీద తాడు ఒరిసి ఒరిసి పడిన గాళ్ళు. వేలు పట్టేంత లోతు, లోపల నున్నగా మెరుస్తూ ఉన్నాయి. మా అక్క అక్కడి నుంచి కదల్లేదు. చిన్నప్పుడు మా ఊళ్ళో చేదబావి ఒరకు అచ్చం ఇలాంటి గాళ్ళే ఉండేవి, ఆ తాడు లాగి లాగి అరచేతులు కాయలు కాసింది అక్కకే. "ఎవరో ఆడోళ్ళు లాగుంటారు" అంది. నా లెక్కలో ఆ నగరం మొత్తంలో చూడాల్సింది ఆ పలకే. మీ గైడ్ చూపించకపోతే అడిగి మరీ చూడండి.

కోట ఉత్తర ద్వారం దగ్గర దొరికిన పది గుర్తుల పలక గురించి పుస్తకాల్లో చదివే ఉంటారు. తెల్లటి జిప్సం ముక్కలను చెక్క మీద అతికించి, ఒక్కో అక్షరం జానెడు పైన ఉండేలా చేశారు. చెక్క చివికిపోయినా అక్షరాలు వరసలో అలాగే దొరికాయి. ఊళ్ళోకి వచ్చేవాళ్ళందరికీ కనపడేలా ద్వారం మీద పెట్టి ఉంటారని పండితుల ఊహ. అందులో ఏముందో ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు. మా అమ్మాయి అప్పటిదాకా ఎండ, ఆకలి అని మూతి ముడుచుకున్నదల్లా ఇక్కడ తేరుకుని అబ్బాయిని ప్రశ్నలతో వదల్లేదు. పురావస్తు శాస్త్రవేత్త జగత్‌పతి జోషి 1967-68లో ఈ చోటును గుర్తించడం, ఆర్.ఎస్. బిష్ట్ ఏళ్ళ తరబడి తవ్వించడం, 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు రావడం, అన్నీ అతనే చెప్పాడు. మన రామప్ప గుడికి గుర్తింపు వచ్చింది దీనికి రెండు రోజుల ముందే.

ఒంటిగంటకు గైడ్ కేకలు మొదలుపెట్టాడు. ఇప్పుడు బయల్దేరకపోతే వైట్ రణ్‌లో సూర్యాస్తమయం దొరకదట. దార్లో భోజనానికి ఖావ్డా దగ్గర తనకు తెలిసిన హోటల్లో ఆగాలట. అంటే తొందర సూర్యుడి కోసం ఒక్కటే కాదు. నేను నచ్చజెప్పబోయాను, వినలేదు. "మీరు రాకపోతే నేను బాధ్యుణ్ణి కాదు, డబ్బులు వాపసు ఉండవు" అని అందరి ముందూ గట్టిగా అన్నాడు. అప్పుడు బావ కోట మెట్ల మీద కూచుండిపోయాడు. "నేను రాను. మీరు పోండి. దీని కోసమే ఇంత దూరం వచ్చినా" అన్నాడు. రిటైరయ్యాక ఆయన గొంతు అలా పలకడం నేను వినలేదు. మా ఆవిడ మొహం మాడిపోయింది, అమ్మాయి అటూ ఇటూ చూస్తోంది. నాకు టెన్షన్. చివరికి మా ఆవిడే, "అన్నయ్యను ఇక్కడ వదిలి మనం ఫొటోలు దిగుతామా? రేపు వేరే కారులో పోదాం లే" అంది. ఆ మాటతో అందరం ఊపిరి పీల్చుకున్నాం. గైడ్ పోయి కారు ముందు సీట్లో కూచున్నాడు, సాయంత్రం దాకా మాట్లాడలేదు. మాకు అదే హాయి.

మూడు గంటల పాటు తిరిగాం. మనిషి నిలబడి నడిచేంత ఎత్తున్న రాతి వాననీటి కాలువలు, 280 మీటర్ల పైన పొడవున్న మైదానం, గుమ్మాల దగ్గర నునుపు పెట్టిన రాతి స్తంభాల ముక్కలు, అన్నీ తీరిగ్గా చూశాం. నీడ లేదు, తాగేనీళ్ళు మీరే తెచ్చుకోవాలి. డిసెంబరైనా మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది.

ఆ అబ్బాయే మమ్మల్ని ఊళ్ళో తమ బంధువుల ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాడు. మనిషికి 150. మట్టి ఇల్లు, పేడతో అలికిన అరుగు, దాని మీద చాప. పొయ్యి మీంచి నేరుగా పళ్ళెంలోకి సద్ద రొట్టెలు, మందంగా, అంచుల దగ్గర కొద్దిగా మాడి. మీద వెన్నముద్ద. పక్కన కాల్చిన వంకాయ కూర, ఎర్రటి వెల్లుల్లి కారం, పలుచటి మజ్జిగ పులుసు, ఒక బెల్లం ముక్క. పెద్ద లోటాలో మజ్జిగ. బయల్దేరినప్పటి నుంచి తియ్యటి పప్పు, తియ్యటి కూర తిని నాలుక చచ్చిపోయిన మా వాళ్ళకు ఆ వెల్లుల్లి కారం చూసి కళ్ళు మెరిశాయి. అక్క రెండో రొట్టె అడిగి వేయించుకుంది. సంచీలోంచి ఊరుబిండి డబ్బా తీసి ఆ ఇంటావిడకు కొంచెం పెట్టింది. ఆమె నాలుక మీద రాసుకుని, శెనక్కాయలా అని సైగ చేసి అడిగి, డబ్బా మొత్తం ఉంచుకుంటానంది! ఒకరి భాష ఒకరికి రాకుండానే ఇద్దరూ పావుగంట రొట్టె తట్టడం గురించి మాట్లాడుకున్నారు. కచ్‌లో మేం తిన్న భోజనాల్లో దీనికి సాటి ఇంకోటి లేదు. అయిదుగురికి 750.

డ్రైవరు మంచి మనిషి. ఇంకో 300 ఇస్తే పది కిలోమీటర్ల దూరంలోని శిలాజాల పార్కుకు తీసుకెళ్తానన్నాడు. జురాసిక్ కాలం నాటి చెట్టు మాను రాయిగా మారి పడి ఉంది. అక్కడి నుంచి దిగితే ఉప్పే ఉప్పు. మాతో పాటు ఇంకో కుటుంబం తప్ప ఎవరూ లేరు. పైన పెళుసుగా గాజు పలకలా ఉంది, కాలు వేస్తే కరకరమంటుంది. పలకకూ పలకకూ మధ్య ఉప్పు పొంగి సన్నటి గట్లు కట్టింది. మా అమ్మాయి మడమతో ఒక చోట పొడిచి చూస్తే అర అంగుళం కింద నల్లటి బురద, తడి తడిగా. మా జిల్లాలో చౌడు నేలలు చూసినవాళ్ళమే, ఎండాకాలం నేల మీద తెల్లటి పొర తేలుతుంది. దాన్నే దిగంతం దాకా పరిస్తే ఎలా ఉంటుందో ఇక్కడ చూశాం. మరీ లోపలికి పోకండి, బురద చీలమండ దాకా లాగుతుంది. తిరుగు దారిలో రోడ్ టు హెవెన్ మీద కారు ఆపించి సూర్యాస్తమయం కూడా చూశాం.

రాత్రి భుజ్‌లో ట్రావెల్స్ ఆఫీసుకెళ్ళి పర్మిట్ల డబ్బు వాపసు అడిగాను. "మీరే వెళ్ళలేదు" అన్నారు. పర్మిట్ మీద ఉన్న 550 పోతే పోయింది, పైన తీసుకున్న 700 ఇవ్వమన్నాను. అరగంట వాదించాక 500 ఇచ్చారు. దుకాణం దగ్గర పోయిన యాభై నిమిషాలకు, గంటన్నర ఆలస్యానికి జవాబు లేదు.

మర్నాడు హోటల్ వాళ్ళు మాట్లాడిపెట్టిన కారులో వైట్ రణ్ ఉండే ధోర్డో వెళ్ళాం, గైడ్ లేకుండా. కారు 3,600, పర్మిట్లు మళ్ళీ 550. పర్మిట్‌కు ఆధార్ దగ్గరుంచుకోండి. మధ్యాహ్నం మూడింటికి బయల్దేరితే చాలు. వైట్ రణ్ చూడాల్సిందే, కాదనను. మా అమ్మాయి, మా ఆవిడ తృప్తిగా ఫొటోలు దిగారు. కానీ రణ్ ఉత్సవ్ రోజుల్లో అదొక జాతర. గేటు దగ్గర ఉప్పంతా తొక్కి తొక్కి బూడిద రంగుకు తిరిగింది. ఒంటె బండికి మనిషికి 150 అడిగారు, దాని బదులు పావుగంట నడిస్తే జనం పలచబడి తెల్లటి ఉప్పు కనపడుతుంది.

నా సలహా ఒకటే. ధోలావీరాలో ఒక రాత్రి ఉండండి. మేం అడిగిన చోట గుండ్రటి మట్టి ఇంటి గది ఇద్దరికి 2,800, రెండు పూటలా భోజనంతో. సాయంత్రం శిలాజాల పార్కు దగ్గర ఉప్పు, మర్నాడు ఉదయం చల్లబాటున నగరం. ఆ తర్వాత ఖావ్డా మీదుగా ధోర్డో చూసుకుని భుజ్ చేరొచ్చు. భుజ్ నుంచి కారు మాత్రమే మాట్లాడుకోండి, గైడ్ వద్దు. ధోలావీరా గేటు దగ్గర ఊరి కుర్రాళ్ళు ఉంటారు, ఆ డబ్బేదో వాళ్ళకే ఇవ్వండి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఖావ్డా దాటాక ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందదు, డీజిలు ముందే నింపించుకోండి.